కురుంబల కోటలు: ఎన్నూరు చుట్టూ ఒక పాత గాథ ఆనవాళ్లు

కురుంబల కోటలు అనే మాట తొండమండలంలో పుట్టిన ఒక పాత గాథలోది. తిరుపతి కొండల దిగువ నుంచి దక్షిణాన పాలారు దాటి, తూర్పున సముద్రం దాకా పరచుకున్న నేలను తమిళులు తొండైమండలం అన్నారు, సంస్కృత పండితులు తుండీరమండలం అన్నారు. ఇవాళ్టి చెన్నై, తిరువళ్లూరు, కాంచీపురం ప్రాంతాలతో పాటు చిత్తూరు, నెల్లూరు సీమల్లో కొంత భాగమూ అందులోదే. చోళులు రాకముందు ఈ నేలను కురుంబలు అనే జనం ఏలారని గాథ చెబుతుంది. వాళ్లు 24 కోటలు కట్టుకున్నారట, ఓడల మీద వ్యాపారం చేశారట, చివరికి ఆదొండ చక్రవర్తి చేతిలో ఓడి నశించారట. వాళ్ల రాజధాని పుళల్, ఎన్నూరుకు పడమటి వైపు ఎర్రమట్టి మిట్టల దగ్గరున్న ఊరు. రెండు శతాబ్దాలుగా సర్వేదారులు, కలెక్టర్లు, సంస్కృతాచార్యులు, నాణేల పండితులు ఆ కోటల జాడ వెతికారు. వాళ్లకు దొరికినవీ దొరకనివీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి బయటపడుతుంది. ఈ గాథ భద్రంగా మోసుకొచ్చింది ఒక పాలనా పటాన్ని. గోడలు ఆ పటం మీద తర్వాత లేచినవి. కోటల కోసం తిరిగినవాళ్లు చాలాసార్లు ఆ పటం మీదే నడిచారు గాని దాన్ని కోటల వరసగానే చదువుకున్నారు.

వెతుకులాటకు ఎన్నూరు మంచి మొదలు. కొసస్థలయారు సముద్రంలో కలిసే చోటిది. ఒక పక్క ఉప్పుమడులు, ఇంకో పక్క థర్మల్ కేంద్రాల పొగగొట్టాలు, ఉత్తరాన 2001లో మొదలైన ఓడరేవు. పుళల్ చెరువు నిండి పొర్లిన నీళ్లు కాలువ వెంట తూర్పుకు వచ్చి, సడయన్‌కుప్పం దగ్గర ఈ ఏటిలోనే కలుస్తాయి. గాథలోని రాజధాని వాలు ఎన్నూరు వైపే ఉందన్నమాట. దక్షిణాన తిరువొత్తియూరు గుడి గోడల నిండా శాసనాలు. నైరుతిలో తిరుముల్లైవాయిల్ గుడి, అక్కడే గాథకు ప్రాణం లాంటి రెండు స్తంభాలున్నాయి. ఉత్తరాన పులికాట్, మన పాత మాటలో ప్రళయకావేరి. అక్కడ డచ్చివారి కోట నేలమట్టమై ఉంది. ఈ నాలుగు చోట్లూ పోల్చి చూడగలిగినంత దగ్గరలో ఉండటం వల్లనే ఈ గాథను పరీక్షకు పెట్టడం వీలవుతుంది.

రాతప్రతుల్లో కథ ఇలా నడుస్తుంది. అడవుల్లో గొర్రెలు మేపుకుంటూ, ఎవరి గుంపుకు వారే పెద్దగా బతికిన కురుంబలు ఒక దశలో తమలో ఒకణ్ని నాయకుడిగా ఎన్నుకున్నారు. అతని పేరు కమండ కురుంబ ప్రభువు. ఒక జైన గురువు వాళ్లకు మతం నేర్పాడు, పుళల్‌లో బసది కట్టించారు. నేలను 24 భాగాలు చేసి ఒక్కో భాగానికి ఒక్కో కోట కట్టారు. తీరం వెంట కావేరీపట్టణపు వర్తకులతో సరుకు మార్పిడి చేసుకోవడానికి పట్టిపులం, ఆలంపరై, మరక్కాణం లాంటి చోట్ల స్థావరాలు పెట్టారు. చోళరాజు కుమారుడు ఆదొండ దండెత్తి వచ్చి మొదట ఓడిపోయాడు, షోలింగూరు వైపు తగ్గి తలదాచుకున్నాడు. అక్కడ కలలో శివుడు అభయమిచ్చాడు. మర్నాడు వస్తుంటే ఏనుగు కాళ్లకు మల్లెతీగ చుట్టుకుంది. కత్తితో తీగను నరికితే కింద ఉన్న లింగానికి దెబ్బ తగిలి రక్తం కారింది. ఆ చోటే తిరుముల్లైవాయిల్. తర్వాత పుళల్ కోట పడింది, దాని కంచు తలుపులు తంజావూరు గుడికి వెళ్లాయి, ఖాళీ అయిన నేలలో వెల్లాళ రైతులు వచ్చి ఊళ్లు కట్టారు.

ఈ కథ కాగితం మీదికి రావడంలో తెలుగువాళ్ల చెయ్యి పెద్దది. సర్వేదారు కాలిన్ మెకంజీ దగ్గర పనిచేసిన ఏలూరు సోదరులు కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి దక్షిణాదిలో ఊరూరి చరిత్రనూ సేకరించే పద్ధతిని నిలబెట్టారు. 1803లో బొర్రయ్య చనిపోయాక లక్ష్మయ్య ఆ పని అందుకున్నాడు. మన గ్రామ కైఫీయతులు వచ్చిన దారీ ఇదే, కురుంబల వృత్తాంతాలు వచ్చిన దారీ ఇదే. 1821లో మెకంజీ పోయాక సంస్కృత పండితుడు విల్సన్ 1828లో ఆ రాతప్రతులకు ఒక పట్టిక అచ్చువేశాడు, తర్వాత విలియం టేలర్ మద్రాసులో వాటిని విడమరిచి వివరించాడు. కైఫీయతు ఎలా తయారైందో తెలిసిన తెలుగు పాఠకుడికి ఇక్కడ ఒక జాగ్రత్త సహజంగానే తోస్తుంది. కైఫీయతు చెప్పేవాడు కరణమో, మిరాసీదారో, గుడి స్థానాపతో అవుతాడు. అడిగేవాడు సర్కారు తరఫున వచ్చినవాడు. ఆ ఇద్దరి మధ్య నడిచే మాటల్లో ఊరి జ్ఞాపకం ఎంత ఉంటుందో, ఊరి హక్కు గురించిన ఆరాటమూ అంతే ఉంటుంది.

గాథను అక్షరాలా నమ్మితే ఏమవుతుందో చూపే ఉదాహరణ సర్ వాల్టర్ ఇలియట్ నాణేలు. అమరావతి శిల్పాలను తవ్వి మద్రాసుకు చేర్చిన ఆ ఇలియటే దక్షిణాది నాణేల మీద పుస్తకం రాశాడు. మద్రాసుకు దక్షిణంగా కోరమాండల్ తీరంలో రెండు తెరచాపల కొయ్యలున్న ఓడ బొమ్మతో పాత నాణేలు దొరికేవి. ఓడల మీద వ్యాపారం చేసిన రాజులెవరు అన్న ప్రశ్నకు రాతప్రతుల్లో జవాబు సిద్ధంగా ఉంది. ఆయన వాటిని కురుంబలవో పల్లవులవో అని లెక్క కట్టాడు. తర్వాతి పరిశోధనలో నాణేల మీది అక్షరాలను బట్టి అవి శాతవాహనులవని తేలింది. ఓడ నిజమే, తీరమూ నిజమే, రాజులే వేరు. తీరంలో ఓడవ్యాపారం చేసిన పాత ప్రభువులు ఉండేవారన్న జ్ఞాపకాన్ని గాథ నిలబెట్టింది, ఆ ప్రభువుల పేరు మాత్రం తనకు తెలిసిన పేరుతో పూరించింది. ఇలియట్‌ను తప్పుపట్టాల్సిన పని లేదు. అప్పటికి చేతిలో ఉన్న ఆధారంతో ఎవరైనా అలాగే అనుకునేవారు. అయితే ఈ ఒక్క పొరపాటు వల్ల మనకో పద్ధతి దొరుకుతుంది. గాథలో వస్తువునూ స్థలాన్నీ నమ్మవచ్చు, పేరునూ కాలాన్నీ విడిగా పరీక్షించాలి.

ఆ పద్ధతిలో 24 కోటలను పట్టి చూద్దాం. రాతప్రతుల జాబితాలో పుళల్, ఊత్తుక్కాడు, ఈక్కాడు, మణవిల్, ఆమూరు వంటి పేర్లు వస్తాయి. ఇవే పేర్లు పల్లవ, చోళ శాసనాల్లో కనిపిస్తాయి, కాని కోటలుగా కాదు, కోట్టాలుగా. కోట్టం అంటే అప్పటి పాలనలో నాడు కన్నా పెద్ద విభాగం, మన వాడుకలో సీమ లాంటిది. తిరువొత్తియూరు శాసనాలు ఆ ఊరు పుళల్ కోట్టంలో ఉందని, ఆ కోట్టానికే విక్రమచోళ వళనాడు అని ఇంకో పేరుందని చెబుతాయి. కాబట్టి ఎన్నూరు తీరమూ పుళల్ కోట్టం నేలే. అంతకన్నా ముఖ్యమైనది కూరం తామ్రశాసనం. 7వ శతాబ్దం చివరి భాగంలో పల్లవ పరమేశ్వరవర్మ ఇచ్చిన ఆ శాసనంలోనే ఊత్తుక్కాట్టు కోట్టం పేరుంది. తమిళంలో కోట అంటే కోట్టై. కోట్టానికీ కోట్టైకీ తేడా మాట చివర మాత్రమే. పాలనా విభాగంగా కోట్టం వాడుకలోంచి జారిపోయాక, 24 కోట్టాల లెక్క మాత్రం జనం నోట మిగిలింది. ఆ మాటకు అర్థం మరిచిపోయినవాళ్లకు అది 24 కోట్టైలుగా వినపడటంలో వింత లేదు. ఎవరూ అబద్ధం కల్పించనక్కర్లేదు. మాట పాతబడితే చాలు.

మనకు కొట్టం అంటే పశువుల కొట్టం. గొర్రెల కాపరుల గాథలో ఈ మాట కనబడగానే దాన్ని దీనికి కలపాలని చెయ్యి దురదపెడుతుంది. కోట్టాలు మొదట మందల మేత పొలాలేనా అన్నది ఆలోచించదగ్గదే గాని, శబ్దాలు కలిసినంత మాత్రాన చరిత్ర కలవదు. కోట్టం-కోట్టై దగ్గర అదే తప్పు మనవాళ్లు ఒకసారి చేశారు గనక ఇంకోసారి చెయ్యకుండా ఉండటం మంచిది.

రెండో మాట ఇంకా ఆసక్తికరమైనది. కురుంబ అనే పేరు చూడగానే మన కురుబ, కురుమ కులాలు గుర్తుకొస్తాయి. నీలగిరుల్లో కురుంబ తెగ ఇప్పటికీ ఉంది. గుస్తావ్ ఒప్పెర్ట్ 1893లో భారతదేశపు ఆదివాసుల మీద రాసిన పెద్ద పుస్తకంలో వీళ్లందరినీ ఒకే తీగకు గుచ్చాడు. కాని పాత తమిళంలో కురుంబు అంటే రాజుకు లొంగని చిన్న దొరతనం అని అర్థం, అలాంటి దొర దాక్కునే అడవి బురుజు అనీ అర్థం. తిరుక్కురళ్ దేశానికి ఉండకూడని పీడలు చెబుతూ ఈ మాటను వాడింది. మన చరిత్రలో మన్నెదొర అన్న మాట లాంటిదే ఇది. మన్నెదొర అంటే ఒక కులం పేరు కాదు, కొండల్లో ఉండి పెద్ద రాజుకు కప్పం కట్టని ప్రతి దొరకూ అది వర్తిస్తుంది. చోళులు, పల్లవులు లొంగదీసిన చిల్లర దొరలందరూ గెలిచినవాళ్ల నోట కురుంబలే అయివుంటారు. అటుతర్వాత ఆ పేరుతో ఒక గొర్రెల కాపరి కులం కళ్లెదుట ఉండటంతో, పాలనా పదం జాతి పేరుగా మారింది. ఒక గాథలో రెండు మాటలు, రెంటి అర్థంలోకీ కోట చొరబడింది. కథ నిండా కోటలు లేవడానికి ఇంతకన్నా బలమైన కారణం అక్కర్లేదు.

ఆదొండ పేరు సంగతి చూస్తే కాలం ఎలా పొరలు పొరలుగా పేరుకుందో అర్థమవుతుంది. ఆదొండ మనకు తెలిసిన ముళ్ల తీగే, తమిళ తొండై మన దొండ. సంగమ కాలపు కావ్యం పెరుంపాణాత్రుప్పడై కంచిని ఏలిన తొండైమాన్ ఇళందిరైయన్‌ను పొగుడుతుంది. దానికి వ్యాఖ్య రాసిన నచ్చినార్కినియర్ ఆ రాజు పుట్టుక చెప్పాడు. చోళరాజుకూ నాగకన్యకూ పుట్టిన శిశువుకు గుర్తుగా తొండై తీగ కట్టి సముద్రంలో వదిలారనీ, అలలు ఒడ్డుకు చేర్చాయనీ ఆ కథ. ఇది ఒక పొర. 8వ శతాబ్దపు శివభక్తుడు సుందరర్ తిరుముల్లైవాయిల్ మీద పాడిన పదికంలో తొండైమాన్ ఏనుగును మల్లెతీగ బంధించిన ముచ్చట ఉంది. ఇది రెండో పొర. మెకంజీ రాతప్రతులు, మద్రాసు కలెక్టరు ఎల్లిస్ రాతలు ఆదొండను కులోత్తుంగ చోళుని కొడుకు అంటాయి. మొదటి కులోత్తుంగుడే అయితే ఆయన మన రాజరాజనరేంద్రుని కొడుకు, 1070లో చోళ సింహాసనం ఎక్కినవాడు. అప్పటికి సుందరర్ పాట పాడి రెండు వందల ఏళ్లు దాటింది. కొడుకు చేసిన యుద్ధం తండ్రి పుట్టక ముందే పాటలోకి ఎక్కడం కుదరదు. కోట్టాల పంపిణీ ఆదొండ విజయం వల్ల వచ్చిందనడమూ కుదరదు, కూరం శాసనం ఇంకా ముందుది. గాథ తన పాత సరుకుకు అందరికీ తెలిసిన పెద్ద రాజు పేరు తగిలించుకుంది, ఓడ నాణేల దగ్గర జరిగిందే ఇక్కడా జరిగింది.

24 కోటలు నిజానికి కోట్టాలే అన్న మాటకు గట్టి అభ్యంతరం ఒకటుంది. అవి మట్టి కోటలు, మట్టి కోట మట్టిలో కలిసిపోతుంది, కనబడకపోవడం లేకపోవడానికి సాక్ష్యం కాదు అంటారు. మాట నిజమే, తోసిపుచ్చకూడదు. పులికాట్‌లో డచ్చివారు 1613 నాటికి కట్టిన గెల్‌డ్రియా కోట ఇటుక కోట, దాని పటాలు, లెక్కలు, ఉత్తరాలు అన్నీ ఉన్నాయి. 1806లో ఇంగ్లీషువాళ్లు దాన్ని పడగొట్టారు. ఇవాళ అక్కడికి వెళ్లినవాడికి ముళ్ల పొదల కింద దిబ్బలు కనిపిస్తాయి, అంతే. రెండు వందల ఏళ్లకే ఇటుక కోటకు ఆ గతి పడితే వెయ్యేళ్ల మట్టి గోడ ఎక్కడ నిలుస్తుంది? కాని అదే పులికాట్‌లో ఇంకొకటి గమనించాలి. గోడ పోయినా కందకం గుర్తుపట్టేలా ఉంది. ఓరుగల్లుకు వెళితే కాకతీయుల మట్టికోట గట్టు ఏడు వందల ఏళ్ల తర్వాత కూడా కిలోమీటర్ల కొద్దీ ఎత్తుగా నిలబడి ఉంది. పెద్ద మట్టికోట అంత తేలిగ్గా మాయం కాదు, దాని కోసం తవ్విన కందకం ఇంకా మొండిది. మాయమయ్యేది కంపకోట, నాలుగు గుడిసెల చుట్టూ వేసిన గట్టు, మందను దాచుకునే దడి. కాబట్టి ఈ అభ్యంతరాన్ని పూర్తిగా ఒప్పుకున్నా తేలేది 24 రాజకోటలు కాదు, చిల్లర దొరల చిన్న చిన్న దడులు. కురుంబు అన్న మాట చెప్పేదీ అదే.

పుళల్‌లో గోడల ఆనవాళ్లు చూసినవాళ్లున్నారు కదా అంటారు. ఒప్పెర్ట్ ఆ ఊరిని, దాని జైన గుడిని, పాత కోట జాడలను వర్ణించాడు. జైన ఆదినాథుని గుడి ఇప్పటికీ ఉంది. ఇది గాథకు అనుకూలమైన సాక్ష్యం. అయితే జాడ ఉంది అనడానికీ ఫలానా కాలపు జాడ అనడానికీ మధ్య చాలా దూరం ఉంది. 1769లో హైదర్ అలీ సైన్యం మద్రాసు పొలిమేరల దాకా వచ్చింది, 1780లో మళ్లీ ఈ సీమను ఊడ్చిపెట్టింది. ఆ భయం తెలిసిన కాలంలో ఊరి చుట్టూ మట్టిగోడ పెట్టుకోవడం మామూలు సంగతి. పైగా 1876 నుంచి మద్రాసుకు తాగునీరివ్వడం కోసం పుళల్ చెరువును పెంచుతూ వచ్చారు. ఇవాళ అందులో 330 కోట్ల ఘనపుటడుగుల నీళ్లు పడతాయి. కట్ట పెరిగిన కొద్దీ పాత నేల రూపం మారింది. ఎర్రమట్టి మిట్టను చూసి ఇది గోడా, గుట్టా, చెరువు కట్ట మిగులా అని కంటితో చెప్పడం అసాధ్యం. హోమర్‌ను నమ్మి ట్రాయ్ నగరాన్ని కనిపెట్టిన ష్లీమన్ పేరు ఇలాంటి చోట తప్పకుండా వస్తుంది. ఆయన చోటును సరిగ్గా పట్టుకున్నాడు, పొరను పట్టుకోలేకపోయాడు. తను వెతుకుతున్న కాలపు పొరను తొలుచుకుంటూ ఇంకా కిందికి పోయి, వెయ్యేళ్లకు పైగా పాతదైన నగరాన్ని ప్రియాముడి నగరం అన్నాడు. పుళల్ విషయంలోనూ చోటు మీద తగువు లేదు, తగువంతా పొర మీదే.

గాథ కట్టడాన్ని వెతుక్కోవడమే కాదు, కట్టిస్తుంది కూడా. ఇంగ్లండులో ఆర్థర్ రాజు తల్లి కడుపున పడింది టింటాజెల్‌లో అని 12వ శతాబ్దపు రచయిత రాస్తే, ఆ పేరు ప్రతిష్ఠ కోసం రిచర్డ్ ప్రభువు 1230లలో అక్కడ కోట కట్టించాడు. ఇప్పుడు యాత్రికులు చూసి ఆర్థర్ కోట అనుకునే గోడలు కథ తర్వాతివి. తిరుముల్లైవాయిల్‌లో గర్భగుడి ముందు ఉన్న రెండు స్తంభాలను ఈ వెలుగులో చూడాలి. అవి కురుంబల కోట నుంచి ఆదొండ తెచ్చిన జిల్లేడు స్తంభాలని స్థలపురాణం. జిల్లేడు సంగతి మన పల్లెల్లో తెలియనివాళ్లు లేరు. గిల్లితే పాలు కారే మొక్క, బెండులాంటి కాండం, మనిషెత్తు దాటితే గొప్ప. దూలానికీ స్తంభానికీ పనికొచ్చే చెట్టు కాదది. ఇంటి కోసం ఎవరూ నాటరు. ఇల్లు పాడుబడితే దానంతట అది మొలుస్తుంది. నీ ఇంట జిల్లేళ్లు మొలవ అని మనవాళ్లు తిట్టే తిట్టుకు అర్థం అదే. ఓడిన కోట నుంచి గెలిచినవాడు జిల్లేడు స్తంభాలు తెచ్చాడు అనే మాటను ఈ వాడుక పక్కన పెట్టి చదివితే, అది కోటలో ఏ కలప వాడారో చెప్పే వార్తలా ఉండదు. ఆ కోట పాడైపోయింది, అక్కడ జిల్లేళ్లు మొలిచాయి అన్న మాటకు ఇచ్చిన రూపంలా ఉంటుంది. స్తంభాల కలపను శాస్త్రీయంగా పరీక్షించి వేరే సంగతి తేలితే ఈ ఊహను వదులుకోవాల్సిందే. అంతవరకూ భాష చెప్పే సాక్ష్యం ఇటే మొగ్గుతుంది.

గాథ ఎవరికి పనికొచ్చిందన్న ప్రశ్న ఆఖరిది. మద్రాసు కలెక్టరుగా ఉన్న ఎల్లిస్ 1816లో దక్షిణ భాషలు ఒకే కుటుంబమని, తెలుగు సంస్కృతంలోంచి పుట్టలేదని చూపినవాడు. ఆయనే 1818లో మిరాసీ హక్కు మీద రాసిన సమాధానాల్లో ఆదొండ కథను, 24 కోట్టాలను, వాటిలోని 79 నాడులను ప్రస్తావించాడు. మిరాసీ అంటే ఊరి భూమి మీద వంశపారంపర్యపు వాటా. కుంపిణీవారు పన్నుకు ఎవరిని బాధ్యులను చెయ్యాలో తేల్చుకోలేక సతమతమవుతున్న రోజులవి. నేలను కురుంబల నుంచి గెలిచి మా పెద్దలకు పంచి ఇచ్చారు అనే కథ వెల్లాళ మిరాసీదారులకు పట్టా కాగితంతో సమానం. అలాగని కథను వాళ్లు అప్పటికప్పుడు అల్లారనలేం, సుందరర్ పాటే అడ్డొస్తుంది. పైగా అదే రాతప్రతుల్లో వాళ్లకు పరువు తక్కువైన ముచ్చట ఒకటుంది. చావు జరిగినప్పుడు కురుంబలు తలలు గొరిగించుకునే ఆచారాన్ని ఆసరాగా తీసుకుని, మంగళ్లతో కుదుర్చుకుని, కత్తి గొంతు మీద పెట్టించి ఊరి కురుంబలందరినీ ఒక్క రోజున చంపించారని. నెరుంబూరు ప్రాంతంలో చెప్పిన కథ ఇది. గెలిచినవాళ్లు తమ గురించి ఇలాంటిది కల్పించుకోరు. యుద్ధం, కల, మల్లెతీగ అన్నీ రాజుగారి కథకు నగలు. నిరాయుధంగా తల వంచి కూర్చున్న మనిషి గొంతు కొయ్యడం నగ కాదు. మొత్తం గాథలో జరిగిన సంగతికి అతి దగ్గరగా ఉన్నది ఈ తునకేనని నా నమ్మకం. మేత భూములు చెరువు కింది వరి మడులుగా మారినప్పుడు పాత జనం ఎలా తొలగింపబడ్డారో ఇందులో వినిపిస్తుంది.

ఈ దారిన తిరగదలచినవారు పుళల్ దగ్గర ఆగిపోతే చెరువు, జైన గుడి, కేంద్ర కారాగారం చూసి నిరాశతో వెనక్కి వస్తారు. 24 కోట్టాల్లో ఒకటి తిరువేంగడ కోట్టం, అదిప్పుడు మన నేలలో ఉంది. తిరుచానూరు దగ్గర దొరికిన పల్లవ దంతివర్మ కాలపు శాసనాలు ఆ ఊరిని తిరువేంగడ కోట్టంలో కుడవూరు నాటిలోదని చెబుతాయి. అవి 9వ శతాబ్దానివి. దేవస్థానం వారు 1931 నుంచి అచ్చువేసిన శాసన సంపుటాల్లో వాటి పాఠం చూడవచ్చు. అక్కడ కురుంబ రాజు లేడు, కంచు తలుపులు లేవు. దానం ఇచ్చిన నూనె దీపం, నేల కొలత, ఊరి పేరు, దాని పైన నాడు, ఆ పైన కోట్టం, వరసగా చెక్కి ఉన్నాయి.